పస్తానం మూట

నవంబర్ 8, శనివారం

ఇంకా ఆరు రోజులు.

నా భార్య నర్మద కువైట్ వదిలి వచ్చింది మే 18న. బయటికి వచ్చినవాళ్ళు నూట ఎనభై రోజుల్లోపు మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టాలట. లేకపోతే అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, క్యాన్సిల్. అకామా పోతే ఉద్యోగం పోయినట్టే. తొమ్మిదేళ్ళ నర్సు ఉద్యోగం. వేళ్ళ మీద లెక్కపెట్టాను, గోడ క్యాలెండర్ మీద లెక్కపెట్టాను, ఫోన్లో లెక్కపెట్టాను. మూడుసార్లూ నవంబర్ 14 అనే వచ్చింది.

కరీంనగర్ బస్టాండ్‌లో కంట్రోలర్‌ని నేను. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసి సంతకం పెట్టడమే నా పని. టైం అంటే నాకు కాస్త పిచ్చి, ఒప్పుకుంటాను. ఐదు నిమిషాలు లేటు చేసిన డ్రైవర్‌తో పది నిమిషాలు కొట్లాడతాను. కానీ ఈ టైం నా చేతిలో లేదు. డాక్టరమ్మ సోమవారం చూసి, ప్రయాణానికి fit అని రాసిస్తేనే టికెట్. రాసివ్వకపోతే? ఆ మాట మనసులో అనుకోగానే గుండె దడదడ. అది భయమే అనుకుంటాను.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున డ్రెస్సింగ్ చేశాను. పుండు దాదాపు మానింది. దూది పట్టుకోవడం ఆరు నెలల్లో కూడా రాలేదు నీకు, బస్సు టైర్ తుడిచినట్టు తుడుస్తున్నవు అని నర్మద తిట్టింది. నర్సుకు నర్సు పని చేయడం మామూలు విషయం కాదు.

జూన్‌లో గర్భసంచి తీసేశారు. గడ్డలు. తర్వాత కుట్టు చీము పట్టింది, మళ్ళీ విప్పి కుట్టారు. ఆగస్టంతా జ్వరం. లీవ్ మీద లీవ్. పిల్లల సంగతి ఈ కాంట్రాక్ట్ అయ్యాక చూద్దాం, ఇంకో కాంట్రాక్ట్ అయ్యాక చూద్దాం అనుకుంటూ తొమ్మిదేళ్ళు లాగాం. ఇక చూసేదేమీ లేదు.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆమె వచ్చేది ఏడాదికి నలభై రోజులు. అందులో సగం చుట్టాలకే పోతుంది. మేం నిజంగా మొగుడూ పెళ్ళాల్లా బతికింది ఈ ఆరు నెలలే. తల దువ్వాను. జావ కాచాను. డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీలో ఆమె మొహం కనిపించేది. ఆమె నొప్పితో మూలుగుతుంటే, నేను లోపల్లోపల సంతోషంగా ఉన్నాను. సిగ్గులేని ముండాకొడుకుని.

ఇక్కడే ఏదైనా హాస్పిటల్ చూసుకోరాదూ అని ఇవాళ అడిగాను. గట్టిగా కాదు, చిన్నగా. ఆరు నెలల సంది మంచంల పేషెంట్ లెక్క పండుకున్న, ఆడ నన్ను సిస్టర్ అని పిలుస్తరు, నేనేందో నాకు ఆడనే ఎరుకైతది, నన్ను పోనియ్యి భాను అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఇంకో నాలుగు మాటలు అనేవాణ్ణి.

నవంబర్ 10, సోమవారం

Fit. డాక్టరమ్మ రాసిచ్చేసింది. నర్మద ఆ కాగితాన్ని ఆటోలో నాలుగుసార్లు చదివింది.

మంగళ, బుధ, గురువారాలకు సీట్లు లేవు. దొరికింది శుక్రవారం. 14వ తేదీ, గడువు ఆఖరి రోజు. డైరెక్ట్ ఫ్లైట్. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 1.50, కువైట్‌లో సాయంత్రం 4.20. మధ్యలో ఏం తేడా వచ్చినా అంతే సంగతులు.

ఇంట్లో అవ్వ, అదే మా అమ్మ, రెండు లడాయిలు పెట్టింది. మొదటిది దూరం గురించి. ఒంటిగంట యాభైకి ఎక్కి నాలుగూ ఇరవైకి దిగుడంటే రెండున్నర గంటలేనా, మీ ఆదిలాబాద్ బస్సుకే ఐదున్నర గంటలు పడతది, గింత దగ్గరున్నదానికి తొమ్మిదేండ్ల సంది గంత పరేషాన్ చేసిండ్రా నన్ను అంది. చెప్పాను. అది అక్కడి టైం అవ్వా, వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, ప్రయాణం ఐదు గంటలు, దూరం మూడు వేల మూడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది, మన ఎక్స్‌ప్రెస్ బస్సు గంటకు నలభై ఐదు చొప్పున పోతే మూడు పగళ్ళు మూడు రాత్రులు, మధ్యలో సముద్రం లేకపోతే. అవ్వ అంతా విని, మరి మేలో వచ్చినప్పుడు ఏడున్నర గంటలు పట్టింది గదా, పోవుడు సులువు వచ్చుడే కష్టమన్నట్టు అంది. నర్మద పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండో లడాయి వారం గురించి. శుక్రవారం పడమటికి శూల, అటు పోవద్దు, అందుల ఇంటి కోడలు శుక్రవారం గడప దాటుతదా, కుదరదంటే కుదరదు అంది. ఆ రోజు దాటితే ఉద్యోగమే ఉండదు అత్తమ్మా అని నర్మద. గొంతులు లేచాయి. చివరికి అవ్వే దారి చెప్పింది. పస్తానం పెడదాం అంది.

నవంబర్ 11, మంగళవారం

వెబ్ చెక్-ఇన్ ఇంకా ఓపెన్ కాలేదు. ఐదుసార్లు చూశాను.

నవంబర్ 12, బుధవారం

పస్తానం పెట్టాం.

నేను చిన్నప్పుడు చూసిందే. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి రోజు చూసి పోయేవాళ్ళ సామాను కొంత మూటగట్టి వేరే ఇంట్లో పెడతారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. ఆ మూట మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. పోయే రోజు దారిలో తీసుకుని అటునుంచి అటే పోవాలి. పడమట దిక్కున ఉన్న ఇల్లయితే ఇంకా మంచిదట. మా ఇంటికి పడమర మూడో ఇల్లు భూమవ్వది. బీడీలు చేసుకుంటూ ఒక్కతే ఉంటుంది. నన్ను తమ్మీ అంటుంది.

అవ్వ తన పెళ్ళినాటి ఎర్ర చీర సగం చింపి పరిచింది. పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము, నర్మద చీర ఒకటి. అంతటితో చాలదట. ఏది లేకుంటే మనిషి కదలదో గసుంటిది ఒక్కటన్న పెట్టాలె, ఉత్త చీర పెడితే పస్తానం ఎట్లయితది అంది. ఏది లేకపోతే నర్మద కదలలేదు? ఆలోచించాను. బీరువా తీసి పాస్‌పోర్ట్ పెట్టాను. అందులోనే కువైట్ వాళ్ళిచ్చిన సివిల్ ఐడీ కార్డు కూడా ఉంది. నర్మద అప్పుడు స్నానానికి పోయింది.

ముఖ్యమైంది ముందు బయలుదేరితే మిగతాది వెనకే వస్తుంది కదా అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

నవంబర్ 13, గురువారం, ఉదయం

నర్మద చెక్-ఇన్ చేస్తూ పాస్‌పోర్ట్ అడిగింది. మూటలో ఉందన్నాను. ల్యాప్‌టాప్ మూసేసి నా వైపు చూసింది. చదువుకున్న మనిషివేనా నువ్వు అంది. వెళ్ళి తెస్తానని లేచింది. అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పెట్టిన పస్తానం మళ్ళ ఇంట్లకస్తే పోయినోళ్ళు తిరిగి రారు, నా శవం దాటిపో అంది. నర్మద ఏమనుకుందో, ఫోన్లో పాస్‌పోర్ట్ ఫోటో చూసి నంబర్ కొట్టింది. పొద్దున ఆరింటికల్లా మూట నా చేతిల ఉండాలె అని నాతో అంది. ఉంటుంది అన్నాను. మూడిళ్ళ అవతలే కదా.

తెల్లారితే ఆరింటికి కారు. ఆరున్నరకు బయలుదేరినా పదిన్నరకు ఎయిర్‌పోర్ట్. కావలసినంత టైం ఉంది.

రాత్రి, 8.00

డ్యూటీ అయిపోయింది. తలనొప్పి. విశేషాలేమీ లేవు.

నవంబర్ 14, శుక్రవారం, మధ్యాహ్నం 3.40, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్

జరిగిందంతా వరసగా రాస్తే గానీ కుదుటపడను.

పొద్దున ఆరింటికి భూమవ్వ ఇంటికి తాళం. కొట్టాం, పిలిచాం. పక్కింటివాళ్ళు చెప్పారు, బెల్లంపల్లిలో కూతురు రోజారాణికి నెల తక్కువగా నొప్పులు వచ్చాయట, నిన్న సాయంత్రం ఉన్నపళంగా పోయిందట. నర్మద గోడ పట్టుకుని నిలబడింది. తాళం పగలగొట్టు అంది. ఫోన్ చేద్దాం ఆగు అన్నాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి, ఆరూ ఇరవైకి ఎత్తింది. నర్మద స్పీకర్ పెట్టమంది. సిగ్నల్ సరిగ్గా లేదని పక్కకు వెళ్ళి మాట్లాడాను.

మూట ఇంట్లో లేదు. బెల్లంపల్లిలో ఉంది. తొందరలో తన బట్టల సంచీతో పాటు అదీ పట్టుకుని పోయింది. రాత్రంతా దవాఖానాలో కూతురి మంచం కింద ఉందట. అయ్యో తమ్మీ, నా కండ్లు మండ, సూసుకోలే అని ఒకటే ఏడుపు. మనవరాలు పుట్టిందట, అది కూడా ఏడుస్తూనే చెప్పింది.

బెల్లంపల్లి ఉత్తరాన నూట పది కిలోమీటర్లు. ఎయిర్‌పోర్ట్ దక్షిణాన నూట తొంభై. పాస్‌పోర్ట్ మూడు వందల కిలోమీటర్లు రావాలి, ఆరున్నర గంటల్లో. ఫ్లైట్‌కు గంట ముందు కౌంటర్ మూసేస్తారు. అంటే 12.50. జిందగీ మొత్తం బస్సుల టైం చూసినవాణ్ణి, లెక్క నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అందదు. కానీ నర్మద మొహం చూశాను. ఆరు నెలల్లో అంత జ్వరంలో కూడా ఆ మొహం అట్లా లేదు. చచ్చినా సరే అందించాలి అనిపించింది.

భూమవ్వ అల్లుడు కైలాసం. బొగ్గు బాయి పనికి పోతాడు. రాత్రంతా నిద్ర లేదు, పొద్దున్నే బిడ్డ పుట్టింది. అయినా మూట బండి ముందు పెట్టుకుని ఆరూ నలభైకి బయలుదేరాడు. మేం కారులో ఎదురు పోయాం, పది నిమిషాలైనా కలిసొస్తాయని. ఎనిమిదింటికి పెద్దపల్లి దగ్గర రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నాం. ఎనిమిదీ ఏడు. ఎనిమిదీ పన్నెండు. నర్మద ఒక చేత్తో కుట్టు పట్టుకుని రోడ్డు మధ్యకు పోతోంది, లాగాను. ఎనిమిదీ పద్నాలుగుకు వచ్చాడు. చలికి పెదాలు నల్లబడ్డాయి. వదినా, బిడ్డ మంచిగున్నది, నువ్వు ఫికర్ చెయ్యకు పో అన్నాడు. అతనికి దండం పెట్టడం కూడా మరిచిపోయాం.

ఆ కారు డ్రైవర్‌ను ఎంత తిట్టానో లెక్కలేదు. సిద్దిపేట దాటేదాకా బాగానే ఉంది. శామీర్‌పేట దగ్గర లారీ అడ్డం పడి ముప్పై నిమిషాలు. పాస్‌పోర్ట్ నర్మద చేతిలో ఉంది, రెండు చేతులతో పట్టుకుంది, మూట ఆమె కాళ్ళ దగ్గర. టైం అడగలేదు. నేనే ప్రతి ఐదు నిమిషాలకూ చెబుతూ వచ్చాను. నోర్మూసుకో భాను అంది ఒకసారి.

ఒంటిగంటా ఐదు నిమిషాలకు చేరాం. కౌంటర్ మూసేశారు. నన్ను లోపలికి రానివ్వరు కదా, అద్దంలోంచి చూశాను. నర్మద ఆ అమ్మాయితో మాట్లాడుతోంది, ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. నర్మద పొట్ట దగ్గర బట్ట ఎత్తి డ్రెస్సింగ్ చూపించింది. 

తర్వాత ఎంతమందిని అడిగామో, ఎన్ని ఫోన్లు చేశామో. మస్కట్ మీదుగా ఒక్క సీటు దొరికింది. ఇక్కడ 5.35కు. మస్కట్‌లో గంటా ఇరవై నిమిషాల గ్యాప్. కువైట్‌లో దిగేది రాత్రి 10.10. తారీఖు మారడానికి గంటా యాభై నిమిషాల ముందు. మొదటి ఫ్లైట్ కొంచెం లేటయినా రెండోది అందదు. అది అందకపోతే ఇక ఏదీ లేదు.

లోపలికి పోయేముందు గేటు దగ్గర అడిగింది. నిజం చెప్పు, కావాలనే పెట్టినవా అంది. ఏది అన్నాను. మూటల పాస్‌పోర్ట్ అంది. లేదు, ఒట్టు, కావాలని పెట్టలేదు అన్నాను. అది నిజం.  నమ్ముతున్న అంది. ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. నడుము కొంచెం వంచి నడుస్తోంది ఇంకా.

ఫ్లైట్‌కు ఇంకా రెండు గంటలు ఉంది. ఎగిరిందని చూశాకే కదులుతాను.

సాయంత్రం 6.10

ఎగిరింది. పదిహేడు నిమిషాలు లేటు.

నవంబర్ 15, శనివారం, ఉదయం

దిగింది. ముద్ర పడింది.

నేను ఇల్లు చేరేసరికి పదిన్నర. మస్కట్‌లో పరుగెత్తి రెండో ఫ్లైట్ ఎక్కానని మెసేజ్ పెట్టింది, అంతే, ఆ తర్వాత ఫోన్ ఆఫ్. నేను మ్యాప్ మీద ఆ చిన్న విమానం బొమ్మను చూస్తూ కూర్చున్నాను. కదులుతోందో లేదో తెలియదు. పన్నెండు కొట్టింది. అవ్వ పడుకోలేదు. పదిహేను తారీఖు పడ్డది గద బిడ్డా, ఇగ అయిపోయినట్టేనా అంది. అక్కడింకా తొమ్మిదిన్నరే అవ్వా, అక్కడింకా నిన్ననే ఉంది అన్నాను. ఇద్దరికీ ఒక దినమన్న ఒక్కటి గాలేదా మీకు అంది. అంత మాట ఎట్లా తట్టిందో ముసలిదానికి.

మన టైం ఒంటిగంటా ముప్పై ఐదుకు మెసేజ్. లైన్‌లో నా ముందల నలభై మంది ఉన్నరు, పదకొండు అయిదుకు స్టాంప్ కొట్టిండ్రు, నేను మంచిగున్న, పండుకో. కింద పాస్‌పోర్ట్ పేజీ ఫోటో. 14 NOV.

సంతోషం వేసింది. అబద్ధం కాదు. ఆమె గెలిచింది, బతికింది అనుకున్నాను. లైటు తీసి, ఆమె మంచం మీద కూర్చున్నాను. దూది, టేపు, కత్తెర ఇంకా కిటికీలోనే ఉన్నాయి. పొద్దున డ్యూటీకి పోలేదు. పంతొమ్మిదేళ్ళలో జ్వరం లేకుండా సెలవు పెట్టడం ఇదే.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ ఆమెకు మొదటి డ్యూటీ. వార్డులో అందరూ సిస్టర్ నర్మద వచ్చింది అని చప్పట్లు కొట్టారట. ఫోన్‌లో ఆమె గొంతు వేరేగా ఉంది. ఆరు నెలల్లో నేను వినని గొంతు. అన్నం తిన్నవా అని అడిగింది, తిన్నాను అన్నాను.

భూమవ్వ బెల్లంపల్లి నుంచి వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికే మొదట వచ్చింది. గొంతు విని నేను వెనక తలుపు నుంచి బయటపడ్డాను. చెప్పులు కూడా వేసుకోలేదు. బస్టాండ్ దాకా నడిచి, డ్యూటీ లేకపోయినా చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ నన్నే చూస్తోంది. భూమవ్వ అంతా చెప్పిందట. నర్మదకు కూడా ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటుందట, నంబర్ అడిగి తీసుకుని పోయిందట. అవ్వ పళ్ళెం పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

నవంబర్ 17, సోమవారం, సాయంత్రం 4.20

నర్మద డ్యూటీ రెండింటికి అయిపోతుంది. మనకు నాలుగున్నర. భూమవ్వ కంటే ముందు నేనే చెప్పాలి. ఎట్లా చెప్పాలో ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

గురువారం సాయంత్రం బెల్లంపల్లి బస్సులో భూమవ్వను నేనే ఎక్కించాను. కిటికీ పక్క సీటు నేనే చూపించాను. మా అవ్వ ఎర్ర చీర మూట ఆమె ఒళ్ళోనే ఉంది. ఆమె చూసుకోలేదు. నేను చూశాను. చెయ్యి చాపితే అందేది. మంచిగ పోయిరా అక్కా అన్నాను. తర్వాత షీట్ తీసి, ఆరూ పది, రైట్ టైం అని రాసి సంతకం పెట్టాను.